బీప్ అన్నదల్లా కంప్యూటరే

జ్ఞానశిఖర డిగ్రీ కాలేజికి సూర్యాపేటల ఒకటి, మిర్యాలగూడల ఒకటి, కోదాడల ఒకటి, మొత్తం మూడు బ్రాంచీలు. మూడింటికీ కలిపి కంప్యూటర్లు ముప్పై. యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి సూర్యాపేట వస్తున్నరంటే ముప్పై సూర్యాపేటల ఉంటయి. వారం తిరిగి మిర్యాలగూడ పోతున్నరంటే, డ్రైవర్ హరిలాల్ డీసీఎం బండిల పరుపులు పరిచి, వాటిని బాలింతలను పండబెట్టినట్టు పండబెట్టి మిర్యాలగూడల దించుతడు. ఆడ టీ, సమోసాలు అయిపోయినంక హుజూర్‌నగర్ మీదుగ కోదాడ. ఆ కాలేజిల ఏ పిలగాడూ మూడు బ్రాంచీలల్ల చదువలేదు. కంప్యూటర్లు చదివినయ్.

ఈ ఏర్పాటు కరస్పాండెంట్ వెంకటనర్సయ్యది. ఆయన మిర్యాలగూడల బియ్యం మిల్లు నడిపి, అది చాలనిపించి చదువుల మిల్లు పెట్టినోడు. మూడు ఊర్లల్ల చదువు చెప్పుడు కష్టంగని, మూడు ఊర్లల్ల కంప్యూటర్లు చూపెట్టుడు ఏం కష్టమని ఆయన ధైర్యం. తొమ్మిదేండ్లు ఆ ధైర్యం చెక్కుచెదరలేదు.

ఈ ఏడు కాయితం వచ్చింది. మూడు బ్రాంచీలకూ తనిఖీ ఒక్కటే తారీఖు. పద్నాలుగు, పొద్దున పదకొండు గంటలకు. ప్రతి ల్యాబుల తక్కువల తక్కువ ఇరవై కంప్యూటర్లు కనబడాలె. లేకుంటే ఆ బ్రాంచిల కంప్యూటర్ గ్రూపు రద్దు.

ముప్పైల ఇరవై సూర్యాపేటకు ఒప్పజెప్పిండ్రు. పది మిర్యాలగూడకు, అక్కడ తెలిసిన ఇంటర్నెట్ సెంటరాయనను బతిలాడి ఇంకో పది. కోదాడకు మిగిలింది దేవుని దయ.

కోదాడ ల్యాబ్ జ్యోత్స్న చేతిల ఉంటది. పాలకీడు పిల్ల. తల్లి ఎస్తేరు నాట్లేసి, కలుపుతీసి ఆమెను ఎంసీఏ దాంక చదివించింది. ఆరేండ్ల సంది జ్యోత్స్న ఈ కాలేజిల కంప్యూటర్లు చెప్తున్నది. ల్యాబుల ఉన్నయి మూడు. ఒకటి బుద్ధి పుడితే వెలుగుతది. ఒకటి వెలగదు గని సప్పుడు చేస్తది. మూడోదాని మీద ఆయా కమలమ్మ నేల తుడిచే బట్టలు ఆరేస్తది. పిల్లలు నలభై రెండు మంది. అట్ట ముక్కల మీద కీబోర్డు గీసుకొని దాని మీద వేళ్లు ఆడిస్తరు. అఖిల అనే ఫైనలియర్ పిల్ల అట్ట మీద నిమిషానికి నలభై మాటలు కొడుతదని కాలేజిల పేరు. ఏం మాటలు కొడుతదో ఎవలికీ తెల్వదు.

గ్రూపు రద్దయితే పిల్లలను బీఏల కలుపుతరు. జ్యోత్స్నను ఎందులనూ కలపరు. ఇంటికి తోలుతరు. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. కరస్పాండెంట్ మీటింగుకు పిలిచి ఆమెను ముందు కుర్చీల కూసోమన్నప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

"జ్యోత్స్నమ్మా, కంప్యూటర్ అంటే ఏందమ్మా?" అన్నడు వెంకటనర్సయ్య.

ఆరేండ్లల్ల ఆయన ఆమెను పాఠం గురించి అడిగిన మొదటి మాట అది.

"మనం ఇచ్చింది తీసుకుంటది సార్. చెప్పినట్టు దాని మీద పనిచేస్తది. ఫలితం బయటికిస్తది."

"గంతేనా?"

"ఫస్టియర్ పిల్లలకు గంతే సార్. రెండు మార్కుల ప్రశ్న."

"మనకు రెండు మార్కులు చాలు." వెంకటనర్సయ్య కుర్చీల ముందటికి జరిగిండు. "మా ఇంట్ల వాషింగ్ మెషిన్ ఉంది. బట్టలిస్తం, తీసుకుంటది. బటన్ నొక్కి చెప్తం, చెప్పినట్టు ఉతుకుతది. బయటికిస్తది. ఇగ నువ్వే చెప్పు."

ప్రిన్సిపాల్ మధుసూదన్‌ది జగ్గయ్యపేట వైపు. కరస్పాండెంట్ సగం మాట అంటే మిగిలిన సగానికి తల ఊపటం ఆయన ఉద్యోగం. "అమోఘం సార్! ఇన్‌పుట్, ప్రాసెస్, అవుట్‌పుట్, మూడూ ఉన్నాయండీ. ఇన్నాళ్లూ మనకి తట్టలేదు గానీ, మనందరి ఇళ్లల్లో కంప్యూటర్లే సార్!"

"సార్, దాంట్లె చిన్న చిప్పు ఉండేది నిజమే," అన్నది జ్యోత్స్న. "దాన్ని కంప్యూటర్ అంటే అనొచ్చు గూడ. గని..."

"అనొచ్చన్నవ్ గద! ఇగ 'గని' ఎందుకమ్మా?"

చదువుకున్నోళ్ల కష్టం గిదే. నిజంల సగం ఒప్పుకుంటరు, అవతలోడు ఆ సగం గుంజుకొని పోతడు.

ఆ పూటనే తీర్మానమైంది. స్టాఫంత ఇండ్లల్ల ఉన్న కంప్యూటర్లు పట్టుకరావాలె. ఏది కంప్యూటర్, ఏది కాదు అని తగవు రాకుండ వెంకటనర్సయ్యనే ఒక సూత్రం కట్టిండు. బటన్ నొక్కితే బీప్ అనేది కంప్యూటర్. చెవి పట్టి తిప్పేది కాదు. గా లెక్కన మిక్సీ ఫెయిలయింది. ఇండక్షన్ పొయ్యి ఫస్టుక్లాసుల పాసయింది. కామర్స్ లెక్చరర్ జీవన్ తెచ్చిన నీళ్ల ఫిల్టర్ నీళ్లు నిండితే బీప్ అన్నది, అది గూడ పాస్.

"సారూ, మా ఇంట్ల ఫ్యాన్ గర్రుమంటది," అన్నది కమలమ్మ.

"గర్రు అంటే మోటరమ్మా. బీప్ గావాలె."

"మరి మా బిడ్డ ఇచ్చిన రైస్ కుక్కర్ టక్కుమంటది. అదేం జాతి?"

కరస్పాండెంట్, ప్రిన్సిపాల్ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. లెక్క పందొమ్మిది కాడ ఆగింది. ఇంకొకటి తక్కువ. "టక్కు గూడ చిన్న బీపే," అని వెంకటనర్సయ్య తీర్పు చెప్పిండు.

"కుక్కర్ కంప్యూటరైతే నేను అన్నం దేంట్లె వండుకోవాలె?"

"ఒక్కరోజే కమలమ్మా. పద్నాలుగు సాయంత్రం నీది నీకే."

పదమూడు నాడు ల్యాబు నిండింది. ఇరవైల ఎనిమిది వెంకటనర్సయ్య ఇంటియే. ఆయన ఇల్లు కోదాడలనే. వాషింగ్ మెషిన్, యాబై ఐదంగుళాల టీవీ, ముందు అద్దంల అంకెలు వెలిగే ఫ్రిజ్, మైక్రోవేవ్ పొయ్యి, ఇగ చిన్నయి. ఆయన భార్య సుజాత ఆ పొద్దు చుట్టాలింట్ల పెండ్లికి తుంగతుర్తి పోయింది. ఆమె ఉంటే ఇన్ని గడప దాటకపోయేటియి.

ప్రతి దానికి తెల్లకాయితం అంటించిండ్రు. సిస్టమ్ నంబర్ ఒకటి, సిస్టమ్ నంబర్ రెండు, గట్ల.

"స్టాకు రిజిస్టర్ల ఎక్కించి కింద సంతకం పెట్టమ్మా," అన్నడు వెంకటనర్సయ్య.

"నేనా సార్?"

"ల్యాబ్ ఇన్‌చార్జివి నువ్వే గద. నేను పెడితే తనిఖీకొచ్చే మేడం నవ్వుతది."

జ్యోత్స్న పెన్ను పట్టుకొని శానసేపు చూసింది. పెట్టకుంటే రేపు గ్రూపు లేదు. పెడితే రేపటి సంది ఈ పొయ్యిలకు, ఫిల్టర్లకు ఆమే జవాబుదారి. ఆఖరుకు రాసింది. రాసి, రిజిస్టర్ ఆయన దిక్కు తిప్పింది.

"సార్, ఇవి కాలేజి ఆస్తి అని యజమాని సంతకం లేకుంటే, ఎవరింటియో తెచ్చిండ్రంటది మేడం."

ఆయన ఫోనుల మాట్లాడుకుంటనే చదువకుండ గీకిండు. ముప్పై కంప్యూటర్ల మీద మూడు ఊర్లల్ల గీకి గీకి అలవాటైన చెయ్యి.

తనిఖీకొచ్చిన ఆమె పేరు సరోజన. యూనివర్సిటీల పెద్ద ప్రొఫెసర్. యాబై దాటినయి, భుజానికి బట్టసంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. వచ్చుడు వచ్చుడే టీ వద్దన్నది. టీ వద్దన్న తనిఖీ మనిషిని చూసుడు వెంకటనర్సయ్యకు జన్మల మొదటిసారి. అప్పుడే ఆయనకు కొంచెం చెమట పట్టింది.

ల్యాబ్ తలుపు తీసిండ్రు. మేడం గడపల నిలబడి ఒక చూపు చూసింది. నీళ్ల ఫిల్టర్ ఒకసారి బీప్ అన్నది.

"మేడం, ఇవి కొత్త తరం కంప్యూటర్లు," అన్నడు వెంకటనర్సయ్య. "పాత డబ్బాలు మేం ఎత్తేసినం. ఇప్పుడు పిల్లలకు జీవితంల పనికొచ్చేటియి కావాలె."

"కీబోర్డులు?"

"అన్నీ టచ్ మేడం."

ఆమె పోయి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల గిన్నెడు పెరుగు, రెండు బీరకాయలు ఉన్నయి. తొందరల ఎవరూ ఖాళీ చెయ్యలేదు.

"ఇదేంది?"

"మెమొరీ అండీ," అన్నడు మధుసూదన్. "దాచింది పాడవకుండా ఉంటుందండీ."

మేడం తలుపు మూసింది. నవ్వలేదు. పిల్లల దిక్కు తిరిగి అఖిలను రమ్మన్నది. "ఏ ప్రోగ్రాములు నేర్పిండ్రు బిడ్డా మీకు?"

అఖిల ముందటి రోజు ప్రిన్సిపాల్ బట్టీ పట్టించినట్టే చెప్పింది. "కాటన్, సింథటిక్, ఉన్ని మేడం. ఇంకొకటి ఉంది, అర్జెంటుగ ఉతికేది."

"మంచిది. రెండు సంఖ్యలు కూడి చూపెట్టు."

ఇది బట్టీల లేదు. అఖిల ల్యాబంత కలియజూసింది. టీవీని చూసింది, ఫిల్టర్‌ను చూసింది. పోయి మైక్రోవేవ్ ముందు నిలబడి ఒక నిమిషం అని ఒకసారి నొక్కింది, ఇంకో నిమిషం అని ఇంకోసారి నొక్కింది. అద్దం మీద రెండు వెలిగింది.

"రెండు మేడం."

వెంకటనర్సయ్య చప్పట్లు కొట్టిండు. ఖాళీ మైక్రోవేవ్ గిరగిర తిరుగుతున్నది.

"మరి తీసివేత?"

"జర ఆగుండ్రి మేడం. రెండు నిమిషాలు ఆగితే అదే తీసేసుకుంటది."

ఈసారి మేడం పెదవి ఒక అంచున కదిలింది. అది నవ్వో, కోపమో ఎవలికీ సమజ్ కాలేదు. ఆమె కుర్చీ జరుపుకొని కూసుంది.

"వెంకటనర్సయ్యగారూ, పోయినేడు తనిఖీ గుంపుల వెనుక ఉండి నేను సూర్యాపేటల మీ ల్యాబ్ చూసిన. ఒక కీబోర్డుకు 'ఏ' అక్షరం ఊడిపోయి దాని జాగల బిందీ అతికించి ఉండె. పదిహేను రోజులకు మిర్యాలగూడల చూసిన. అక్కడ గూడ ఒక బిందీ ఉండె. ఎర్రదే."

"మేడం, ఇప్పటి పిల్లలకు బిందీలు..."

"ఉండుండ్రి." ఆమె జ్యోత్స్న దిక్కు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. రిజిస్టర్ల సంతకం నీది. ఇవి కంప్యూటర్లా, కాదా? కాదంటే ఇప్పుడే రాస్త, గ్రూపు పోతది. అవునంటే అవుననే రాస్త, రేపు ఎవరన్న అడిగితే నీ పేరే చెప్త."

అందరూ జ్యోత్స్నను చూస్తున్నరు. వెంకటనర్సయ్య కండ్లతోటి అవునను, అవునను అంటున్నడు. మధుసూదన్ తల ముందే ఊగుతున్నది. నలభై రెండు మంది పిల్లలు గోడకానుకొని నిలబడ్డరు, వాళ్ల ఆరు సెమిస్టర్లు ఒక కుక్కర్ మీద ఆధారపడ్డ సంగతి వాళ్లకు తెలుస్తనే ఉంది. జ్యోత్స్నకు ఎస్తేరు యాదికొచ్చింది. కాదంటే ఎల్లుండి సంది తల్లి పక్కనే వంగి నాటెయ్యాలె. అవునంటే ఇదే ల్యాబుల ఇంకో ఆరేండ్లు అట్ట ముక్కలకు పాఠం చెప్పాలె. ఆమెకు ఏది ఎక్కువ సిగ్గో తేలలేదు.

అప్పుడు రిజిస్టర్ తీసి మేడం ముందట పెట్టింది.

"మేడం, నిజం చెప్పాల్నంటే వీటన్నిట్ల, ఈ కుక్కర్ తప్ప, చిన్న కంప్యూటర్ ఉంది. అబద్ధం కాదు. గని కంపెనీలనే దానికి ఒక పని అప్పజెప్పి మూత బిగించిండ్రు. బట్టలు ఉతికేదానికి నేను కూడిక నేర్పలేను. నేర్పితే నేర్చుకునేది మాకు గావాలె."

వెంకటనర్సయ్య మొఖం మాడింది. జ్యోత్స్న ఆపలేదు.

"గని మా సార్ వీటిని కంప్యూటర్లే అంటున్నరు. నోటితోటి అనుడు కాదు, కాలేజి ఆస్తి అని సంతకం పెట్టిచ్చిండ్రు, సూడుండ్రి. యజమాని మాటను నేనెట్ల కాదంట? మీరు జర సార్ మాటనే రాయుండ్రి మేడం. ఈ ల్యాబుల ఇరవై కంప్యూటర్లున్నయి. ఇవి పిల్లలయి. ఒక్కటి గూడ గడప దాటొద్దు."

మేడం సంతకాన్ని వేలితోటి తడిమింది. అద్దాలు తీసి తుడుచుకుంది. తరువాత అన్న మాట విని కమలమ్మ ఉరికింది.

"ఇప్పుడు టీ తెమ్మను."

టీ తాగుకుంట రాసింది. చదివి వినిపించింది గూడ. ల్యాబుల ఇరవై కంప్యూటర్లు ఉన్నట్టు యాజమాన్యం లిఖితపూర్వకంగ ఒప్పుకున్నది. ఇవి సదరు గదిలనే ఉండాలె. నెల లోపు ఏ రోజన్న, చెప్పకుంట మళ్ల చూస్తరు. ఒక్కటి తక్కువైనా మూడు బ్రాంచీల గ్రూపులు రద్దు. ఇంకో బ్రాంచియి కాకుండ, కూడిక, తీసివేత చేసే వేరే కంప్యూటర్లు ఇరవై తెచ్చి పెడితే, అప్పుడు వీటిని తీసుకపోవచ్చు.

"మేడం, ఫ్రిజ్ మాత్రం..." అన్నడు వెంకటనర్సయ్య.

"మెమొరీ లేని కంప్యూటర్ ఎట్ల పనిచేస్తది?" అని ఆమె సంచి భుజానికేసుకుంది.

ఆ సాయంత్రం స్టాఫు పొయ్యిల కోసం వచ్చి, ల్యాబ్ తాళం ముందు నిలబడి పోయిండ్రు. తుంగతుర్తి నుంచి వచ్చిన సుజాతకు ఇంట్ల గోడకు టీవీ మేకులు కనబడ్డయి. ఆ ఇంట్ల ఆ పొద్దు ఏం మాటలు నడిచినయో మనకెందుకు. పక్కింటోళ్లకు పూర్తిగ తెలుసు, వాళ్లను అడిగితే చెప్తరు.

మూడో రోజు పొద్దున సుజాత బట్టల మూట పట్టుకొని ల్యాబుకు వచ్చింది.

"ఏమ్మా టీచరమ్మా, నా మిషన్ ఏదీ?"

"సిస్టమ్ నంబర్ నాలుగు అక్కా. ఆ మూలకు ఉంది."

"ఉతుక్కోనిస్తవా, దానికి గూడ పరీక్ష రాయాల్నా?"

"ఉతుక్కో అక్కా. గడప దాటొద్దన్నరు, వాడొద్దనలేదు."

దాంతోటి తొవ్వ పడ్డది. ప్రిన్సిపాల్ గారి ఇంటామె ఇండక్షన్ పొయ్యి మీద పప్పు వండుకోను వచ్చింది. జీవన్ క్యాను పట్టుకొని నీళ్లకొచ్చిండు. కమలమ్మ రైస్ కుక్కర్ల అన్నం అక్కడనే వండి, అక్కడనే తిని, అక్కడనే ఒక కునుకు తీసింది. జ్యోత్స్న గోడకు టైంటేబుల్ అంటించింది. తొమ్మిది నుంచి పది ఉతుకుడు. పది నుంచి పదకొండు వంట. పదకొండు నుంచి క్లాసు, ఎవరూ రావొద్దు.

క్రికెట్ మ్యాచ్ నాడు వెంకటనర్సయ్య తనే వచ్చి తలుపు తోసిండు.

"సార్, క్లాసు నడుస్తుంది."

"నా టీవీనమ్మా అది!"

"సిస్టమ్ నంబర్ ఒకటి సార్."

ఆయన వరండల నిలబడి కిటికీల నుంచి చూసిండు. లోపట టీవీ బంద్ జేసి ఉంది. ఆపిన టీవీని ఆయన పావుగంట చూసిండంటరు.

పదో రోజు ఆమెను ఆఫీసుకు పిలిచిండు. రిజిస్టర్ టేబుల్ మీద ఉంది. పక్కన బ్లేడు.

"జ్యోత్స్నమ్మా, గా పేజీ ఒక్కటి ఖతం చేసెయ్. మేడం రాదు. వస్తే నేను మాట్లాడుకుంట. ఇంట్ల బతుకనిస్తలేరమ్మా. సల్లటి నీళ్లు లేక పదిరోజులైతుంది."

"ఆ పేజీ నకలు మేడం తీసుకపోయింది సార్. ఇది చింపితే నా పేరు మీద పోతది."

"నౌకరి ఉండాల్నా, వద్దా?"

"ఉండాలె సార్. గందుకే చింపుత లేను."

ఆయన ఆమెను తేరిపార చూసిండు. ఇంత కాలం ఆ కుర్చీల ముందు కూసున్నోళ్లు ఈ ప్రశ్నకు తల దించుకునేటోళ్లు. ఈమె దించలేదు. తీసేద్దామంటే, మేడం వచ్చిన నాడు ఇరవై కంప్యూటర్ల గురించి జవాబు చెప్పేటందుకు ఈమె తప్ప మనిషి లేదు. సంతకం ఆమెది. ఆ సంతకం ఆమెతోటి బలవంతంగ పెట్టించిందే ఆయన.

"కూడిక, తీసివేత చేసేటియి ఇరవై తెప్పిస్తే ఇవి పోతయి సార్," అన్నది జ్యోత్స్న. "మేడం రాసిచ్చిన తొవ్వ అదొక్కటే."

"కొనాల్నా?" ఆ మాట ఆయన నోట్లె కొత్తగ ఉంది. తొమ్మిదేండ్ల సంది కంప్యూటర్లను తిప్పిండు, దించిండు, ఎక్కించిండు. కొనుడు ఒక పద్ధతి అని మరిచిపోయిండు.

మధుసూదన్ పక్కనుండి "అద్భుతమైన ఆలోచన సార్," అన్నడు.

"ఎవరి ఆలోచనయ్యా?"

"మీదే సార్."

రెండు రోజుల తరువాత అట్టపెట్టెలు దిగినయి. ఇరవై. జ్యోత్స్న ఒక్కొక్కటి విప్పించి, వెలిగించి చూసి, నంబర్లు రిజిస్టర్ల ఎక్కించింది. మేడానికి ఫోన్ చేసి ఫొటోలు పంపింది. ఇంటి సామాన్లు తీసుకపోవచ్చని జవాబొచ్చేదాంక ఒక్క పొయ్యిని గూడ కదలనియ్యలేదు. కరస్పాండెంట్ వరండల తిరుగుతనే ఉన్నడు. మూడేండ్ల దాంక గ్రూపుకు ఢోకా లేదని కూడ ఆ జవాబులనే ఉంది. అది జ్యోత్స్న రెండుసార్లు చదివి, తల్లికి ఫోన్ చేసింది. నాట్ల కాడ ఉన్న ఎస్తేరు, "అయితే ఈ ఏడు గూడ నీకు నడుమునొప్పి లేదన్నట్టు," అని ఫోన్ పెట్టేసింది.

సుజాత మనుషులను పెట్టి తన మిషన్‌ను తనే దగ్గరుండి మోయించింది. గడప కాడ ఆగి, వరుసగ పెట్టిన కొత్త కంప్యూటర్లను ఎగాదిగా చూసింది.

"ఇంత కొత్తయి గద. ఇవి బట్టలు ఉతుకుతయా?"

"ఉతకవక్కా."

"అన్నం వండుతయా?"

"వండవు."

"మరేం పనిచేస్తయే పిల్లా?"

"ఇప్పటికైతే ఏమీ చెయ్యవక్కా. ఏం చెయ్యాల్నో మా పిల్లలు చెప్పాలె."

"అయితే మా ఆయన లెక్కనే," అని సుజాత మిషన్ వెనుక నడిచింది.

జ్యోత్స్న లోపటికి పోయి తలుపు దగ్గరికేసింది. నలభై రెండు మంది ఇద్దరిద్దరు చొప్పున ఒక్కోదాని ముందు ఇరుక్కొని కూసున్నరు. ఇద్దరికి ఇంకా జాగ దొరకలేదు. వాళ్లను తన టేబుల్ కాడికి పిలిచింది.